యశదం: రసశాస్త్రం నుండి పటాన్‌చెరు వరకు

దేవాలయంలో నిత్యం వెలిగే ఇత్తడి కుందిలో రెండు లోహాలు కలవు. మొదటిది తామ్రం, సర్వులకూ విదితమైనది. రెండవది యశదం, జనవ్యవహారంలో తుత్తునాగం, నేటి వాడుకలో జింకు. ప్రాచీనులు యశదాన్ని విడిగా చూడకమునుపే ఇత్తడిని చేశారు. రసకమనే ఖనిజాన్ని బొగ్గుతో, రాగితో కలిపి మూసలో కాచగా, వెలువడిన యశదబాష్పం రాగిలో లీనమయ్యేది.

ఈ లోహాన్ని వేరుగా పట్టుట దుష్కరం. ఇది సుమారు 419 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగును, 907 డిగ్రీల వద్ద ఆవిరియగును. ఖనిజం నుండి విడివడుటకు మాత్రం దాదాపు 1000 డిగ్రీల తాపం కావలెను. అనగా యశదం కొలిమిలో బాష్పరూపంలోనే జన్మించును. గాలి తగిలిన క్షణమే తెల్లని భస్మమై పోవును.

ఈ చిక్కును భారతీయ రసాచార్యులు ఛేదించారు. సుమారు 13వ శతాబ్దికి చెందిన రసరత్నసముచ్చయంలో వృంతాకమూష, అనగా వంకాయ ఆకారపు మూస, వర్ణింపబడినది. మూసను తలక్రిందుగా నిలిపి, పైన అగ్నిని, క్రింద శీతలపాత్రను అమర్చినచో బాష్పం అధోముఖంగా దిగి లోహమై ఘనీభవించును. రాజస్థాన్‌లోని జావర్ వద్ద జరిగిన త్రవ్వకాలలో సరిగ్గా అట్టి మూసలే, ఒక్కొక్క కొలిమికి 36 చొప్పున, బయల్పడినవి. ఐరోపాలో విలియం ఛాంపియన్ యశదస్వేదనకు హక్కుపత్రం పొందినది 1738లో. గ్రంథవాక్యం కేవలం కల్పన కాదనుటకు జావర్ మృత్తికయే సాక్ష్యం.

తెలుగునేలకు సమీపంలో ఈ లోహపు కీర్తి బీదరులో నిలిచినది. బిద్రీ పాత్రలలో అధికభాగం యశదం, స్వల్పభాగం రాగి. వెండితీగ పొదిగి, బీదరు కోటమట్టిని నవాసాగరంతో కలిపి పూయగా యశదం నల్లబడును, వెండి తెల్లగానే నిలుచును. 1956కు పూర్వం జహీరాబాదు ప్రాంతం బీదరు జిల్లాలోనిదే. నేడది సంగారెడ్డి జిల్లాలో ఉన్నది.

అదే జిల్లాలోని పటాన్‌చెరులో యశదానికి రెండు ముఖాలు గోచరించును. 1972లో ఇక్కడ స్థాపితమైన ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఇనుము, యశదం అధికంగా గల జొన్న, సజ్జ వంగడాల కోసం కృషి చేశారు. దేహవృద్ధికి, గాయాలు మానుటకు, వ్యాధినిరోధానికి యశదం లేశమాత్రమైనను అవసరం. మరొకవైపు, పారిశ్రామిక వ్యర్థజలాలు నక్కవాగును కలుషితం చేసినవి. ఈ ప్రాంతపు మట్టిలో యశదంతో సహా భారలోహాలు మితిమీరినట్లు పరిశోధకులు గుర్తించారు. ఆ వాగునీటిని నమ్ముకొన్న కృషీవలులు, పశువులు ఫలితం అనుభవించారు.

ఇనుపరేకుకు పూతగా ఉన్నప్పుడు యశదం ముందుగా తాను క్షయించి ఇనుమును తుప్పు నుండి కాపాడును. త్యాగగుణం గల లోహమది. అయినను రసశాస్త్రం దానిని నేరుగా ఔషధంగా గ్రహింపలేదు. మొదట శోధన, అటుపిమ్మట మారణ, చివరకు మితమైన మాత్ర అని క్రమం విధించినది. మనుష్యుని నోటికి చేరునదానికి పూర్వులు విధించిన ఆ శోధన, పొలానికి చేరే నీటికి కూడా వర్తించవలసినదే. ఆ క్రమం తప్పినచోట పోషకమే విషమగును. నక్కవాగు తీరం తెలిపిన పాఠమిదే.