యంత్రశాల నుంచి నివాసగృహానికి: కార్న్‌వాల్ గని కట్టడాల రూపాంతరం – ఒక చారిత్రక పరిశీలన

ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో సముద్రపు గట్ల మీద, పచ్చిక బీళ్ల నడుమ ఎత్తైన పొగగొట్టాలతో కూడిన రాతి కట్టడాలు అనేకం నిలిచి ఉన్నాయి. ఇవి ఒకనాటి రాగి, తగరం గనుల యంత్రశాలలు. కార్న్‌వాల్, పశ్చిమ డెవన్ ప్రాంతాల గని భూభాగాన్ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ కట్టడాలలో కొన్ని నేడు నివాసగృహాలుగా మారాయి. ఉత్పత్తి అంతరించాక దాని కట్టడం ఇల్లుగా మారినప్పుడు చరిత్రలో ఏది నిలుస్తుంది, ఏది మరుగున పడుతుంది అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

కట్టడం – దాని ప్రయోజనం

గని లోతుకు పోయేకొద్దీ ఊటనీటిని తోడడమే ప్రధాన సమస్య. 1712లో న్యూకమెన్ రూపొందించిన ఆవిరి యంత్రం, 1777 నుంచి కార్న్‌వాల్‌లో ప్రవేశించిన వాట్ యంత్రం, 1812 నాటికి ట్రెవితిక్ అధిక పీడనంతో నడిపిన యంత్రం ఈ సమస్యను క్రమంగా పరిష్కరించాయి. 19వ శతాబ్ది తొలిభాగంలో ప్రపంచపు రాగిలో మూడింట రెండు వంతులు ఈ ప్రాంతం నుంచే వచ్చింది.

ఈ యంత్రానికి వేరే చట్రం లేదు. కట్టడమే దాని చట్రం. భారీ దూలం సగం లోపల, సగం వెలుపల ఉండి ముందుగోడ మీద ఊగేది. అందుచేత ఆ గోడను మిగిలిన గోడలకంటె మందంగా, ఎంచిన రాళ్లతో కట్టేవారు. దాని ముందే నీరు తోడే షాఫ్ట్ ఉండేది. 1866లో రాగి ధర పతనమై గనులు వరుసగా మూతపడినప్పుడు యంత్రాలను విప్పి అమ్ముకున్నారు. గోడలు మాత్రం అలాగే మిగిలాయి.

రూపాంతరంలోని చిక్కులు

గని లెక్కలు చూసే కార్యాలయ భవనాలకు గదులు, కిటికీలు, పొయ్యిగూళ్లు మొదటినుంచీ ఉన్నాయి. వాటిని ఇళ్లుగా మార్చడం సులభం. యంత్రశాల విషయం వేరు. అది మనిషి ఉండడానికి కట్టినది కాదు. నిలువుగా లేచిన ఆ ఖాళీలో కొత్త అంతస్తులు వేయాలి. సిలిండరును లోపలికి చేర్చడానికి వదలిన పెద్ద ద్వారానికి అద్దాలు బిగించాలి. ఇంటి వాకిట పాత షాఫ్ట్ ఉంటుంది కనుక దాన్ని పటిష్ఠంగా మూయాలి. గ్రానైట్ నేలనుంచి వెలువడే రేడాన్ వాయువును, ఖనిజాన్ని కాల్చినప్పుడు మట్టిలో చేరిన పాషాణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. సంరక్షిత కట్టడమైతే 1990 నాటి చట్టం ప్రకారం అనుమతి తప్పనిసరి. గోడల సందుల్లో గబ్బిలాలుంటే వాటికీ చట్టరక్షణ ఉంది.

గని కార్మికుని ఇల్లు

యంత్రానికి ఇంత దృఢమైన ఇల్లు కట్టిన కాలంలో కార్మికుని గూడు ఎటువంటిది? చాలామంది భూస్వామి బీడు భూమిని కౌలుకు తీసుకొని, సొంత శ్రమతో రాతి కుటీరం కట్టుకొన్నారు. ఆ కౌలు తరచుగా మూడు జీవితాల కౌలు. పత్రంలో పేర్కొన్న ముగ్గురిలో చివరివారు మరణించగానే ఇల్లు, సాగుచేసిన నేల భూస్వామికి చెందేవి. గనులు మూతపడ్డాక వేలాదిమంది ఆస్ట్రేలియా, అమెరికా, దక్షిణాఫ్రికాలకు వలసపోయారు.

ఆ వలస దక్షిణ భారతానికీ చేరింది. కార్న్‌వాల్‌లో 1819లో కన్సాలిడేటెడ్ గనులను తిరిగి తెరిపించిన జాన్ టేలర్ పేరిట నడిచిన సంస్థ 1880లో కోలార్ బంగారు గనులను చేపట్టింది. కార్న్‌వాల్ గనివారు అక్కడ పర్యవేక్షకులయ్యారు. తమిళ, తెలుగు ప్రాంతాలనుంచి వచ్చిన కూలీలు తడికల గుడిసెల ‘లైన్ల’లో ఉన్నారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినా కార్మిక కుటుంబాలు అనేకం ఆ లైన్లను విడిచిపోలేదు. తాము కట్టుకొన్న కుటీరం మీద అక్కడివారికి, తరతరాలుగా నివసించిన ఇంటిమీద ఇక్కడివారికి శాశ్వత హక్కు సహజంగా దక్కలేదు.

ఉపసంహారం

పాడుపడుతున్న యంత్రశాలలో కాపురం పెడితే గోడలు నిలుస్తాయి, కప్పు పడుతుంది. ఇది కాదనలేని ప్రయోజనం. అయితే నేటి కార్న్‌వాల్‌లో సెలవు గృహాల గిరాకీ వల్ల స్థానికులకు ఇల్లు అందని వస్తువైంది. కొత్త ఇళ్లు రెండో నివాసాలు కారాదన్న ప్రణాళికను 2016లో సెంట్ ఐవ్స్ ప్రజలు ఓటువేసి ఆమోదించారు. ఈ స్థితిలో యంత్రశాలను ఇల్లుగా మార్చడం రాతిని కాపాడడంతో పూర్తికాదు. ఆ గోడలు ఎత్తినవారి సంతతికి ఆ నేలమీద ఉండే అవకాశం మిగిలిందా లేదా అన్నదీ వారసత్వ పరిరక్షణలో భాగమే. కోలార్ లైన్ల విషయంలోనూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.