డెల్టాలో మురుగు సమస్య

1833 నాటి గుంటూరు కరవు మరువరానిది. అందుచేత 1855లో బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియైనప్పుడు పొలానికి నీరు చేర్చుటే ప్రధాన లక్ష్యమైనది. ఆ నీటిని పొలము నుండి సాగనంపుట మీద అంత శ్రద్ధ లేకపోయినది.

వరద వచ్చినప్పుడు నది తన ఒండ్రును గట్టు చెంతనే ఎక్కువగా విడుచును. అందువలన డెల్టాలో ఏటి ఒడ్డు మెరక, దూరమున పల్లము. పంటకాలువ మెరక మీదుగా, మురుగుకాలువ పల్లము వెంట సాగవలెను. చల్లపల్లికి దక్షిణమున కృష్ణపాయ దాటినచో దివిసీమ. పులిగడ్డ అక్విడక్టు మీదుగా అక్కడికి పంటనీరు చేరును. వాననీరు బయటికి పోవుట మాత్రము కష్టము. నేల వాలు స్వల్పము. సముద్రము పోటెత్తినప్పుడు మురుగుకాలువ నీరు మొగ వద్దనే నిలిచిపోవును. నాలుగు రోజులు మునిగిన వరి కుళ్లిపోవును.

1964 తరువాత మిత్రా సంఘము ఈ సమస్యను పరిశీలించినది. 1968లో మురుగుపన్ను శాసనము వచ్చినది. నీరు తెచ్చినందుకు తీరువా కట్టిన రైతే, దానిని పంపుటకును పన్ను కట్టవలసి వచ్చినదన్నమాట!

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని బలిగొన్నది. సముద్రమే మీదికి వచ్చినప్పుడు మురుగుకాలువ ఆదుకొనలేదు. అందుకు తీరమున తుపాను రక్షణ భవనములు, ముందు హెచ్చరికలు, మడ అడవులు అవసరమైనవి. వానముంపునకు మాత్రము పూడిక తీసిన మురుగుకాలువే నేటికిని శరణ్యము.