కౌంట్ పెంచే ఇంజెక్షన్ ఎక్కడ పుట్టింది?

కీమో అయిన వారం పది రోజులకు రక్తపరీక్ష చేస్తే చాలామందికి తెల్ల రక్తకణాల కౌంట్ పడిపోతుంది. వేగంగా విభజన చెందే కణాల మీద కీమో దెబ్బ పడుతుంది. క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మూలుగలో రక్తకణాలను పుట్టించేవీ దెబ్బతింటాయి. బ్యాక్టీరియాతో ముందుగా తలపడే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు మైక్రోలీటరు రక్తంలో 500 కన్నా తగ్గితే, జ్వరం వచ్చినా ప్రాణం మీదికి రావచ్చు. అంతదాకా పోకుండా చర్మం కింద ఇచ్చే ఇంజెక్షనే ఫిల్‌గ్రాస్టిమ్.

దీని మూలాలు 1960ల నాటి మెల్‌బోర్న్‌లో ఉన్నాయి. రే బ్రాడ్లీ, డొనాల్డ్ మెట్‌కాఫ్ ఎలుక మూలుగ కణాలను అగర్‌లో పెంచారు. అవి గుంపులు కట్టాయి. అయితే వేరే కణాల నుంచి ఊరే ఏదో పదార్థం అందితేనే అలా జరిగేది. ఇజ్రాయెల్‌లో లియో సాక్స్, డోవ్ ప్లుజ్నిక్ కూడా విడిగా ఇదే గమనించారు. తెల్ల కణాలను తయారుచెయ్యమని మూలుగకు శరీరమే కబురు పంపుతోందన్నమాట.

ఆ పదార్థం ఉండేది లేశమంత. వేరుచేయబోతే ఒకటి కాదు, నాలుగు రకాలని తేలింది. న్యూట్రోఫిల్స్‌ను పెంచే జీ-సీఎస్‌ఎఫ్‌ను ఎలుకల నుంచి 1983లో శుద్ధి చేశారు. మనిషి జీ-సీఎస్‌ఎఫ్‌ను 1985లో న్యూయార్క్‌లో కార్ల్ వెల్టే బృందం రాబట్టింది. విచిత్రమేమిటంటే, అది దొరికింది ల్యాబ్‌లో పెంచిన మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో!

1986లో ఆమ్‌జెన్ కంపెనీలో లారీ సౌజా బృందం దాని జన్యువును ఇ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి ప్రొటీన్ తయారుచేయించింది. అదే ఏడాది జపాన్‌లో నగాటా బృందమూ జన్యువును పట్టుకుంది. ఆమ్‌జెన్ చేయించిన ఆ ప్రొటీనే ఫిల్‌గ్రాస్టిమ్. దానికి 1991 ఫిబ్రవరిలో న్యూపోజెన్ పేరుతో అమెరికాలో అనుమతి దక్కింది.

కిడ్నీలు దాన్ని త్వరగా బయటికి పంపేస్తాయి కాబట్టి రోజూ సూది తప్పేది కాదు. 2002లో అనుమతి పొందిన పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్‌లో ప్రొటీన్‌కు పెద్ద పాలిమర్ గొలుసు తగిలించారు. అంత పెద్ద అణువు కిడ్నీలను సులువుగా దాటలేదు. దాన్ని ఖర్చుచేసేది ప్రధానంగా న్యూట్రోఫిల్సే. కౌంట్ కోలుకునేకొద్దీ మందు దానంతటదే తగ్గుతుంది. అందుకే కీమో విడతకు ఒక్క డోసు చాలు.

హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ కూడా గ్రాఫీల్ పేరుతో ఫిల్‌గ్రాస్టిమ్ అమ్ముతోంది. ఇంజెక్షన్ తర్వాత కొందరికి నడుము, తుంటి ఎముకలు సలుపుతాయి. కీమో ముగిశాక కనీసం 24 గంటలు ఆగి ఇవ్వడం మాత్రం నియమం. మూలుగను ముందే ఉరకలెత్తిస్తే, కొత్తగా విభజన చెందే కణాలు మళ్లీ కీమో వాత పడతాయి.