రాకాసిగుళ్ళు చెప్పు చరిత్ర

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక మండలములో జానంపేట అను గ్రామము కలదు. 2016 వరకు ఇది ఖమ్మం జిల్లాలో ఉండెను. ఈ గ్రామము మొదలు ములుగు జిల్లాలోని మల్లూరు, కాటాపురముల వరకు గోదావరి కుడిగట్టు అడవులలో వందలకొలది రాతి సమాధులు కనిపించును. గుండ్రముగా పేర్చిన బండలు, నడుమ నిలువు పలకలతో కట్టిన గది, దానిపై ఒకే పెద్ద కప్పుబండ, కొన్నిటి లోపల ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టి - ఇదీ వాని నిర్మాణము. అంత బరువుగల కప్పుబండను ఎత్తుట మనుష్యులకు సాధ్యము కాదని తలచి, స్థానికులు వీనిని రాకాసిగుళ్ళు అందురు.

ఇట్టి ఊహ మన అడవులకే పరిమితము కాదు. పశ్చిమాసియాలోని గోలన్ పీఠభూమిపై నల్లరాతి పలకలతో కట్టిన సమాధులు వేలకొలది కలవు. ఆ ప్రాంతమునకు పూర్వపు పేరు బాషాను. అచ్చట ఓగు అను రాజు ఉండెననియు, అతడు రెఫాయీయులను మహాకాయులలో కడపటివాడనియు, తొమ్మిది మూరల ఇనుప మంచము అతనికి ఉండెననియు బైబిలు చెప్పుచున్నది. ఆ రాతి సమాధులను చూచియే ఈ కథ పుట్టి ఉండునని కొందరు పండితుల అభిప్రాయము. నిజమునకు అవి కనానీయుల, ఇశ్రాయేలీయుల పేర్లు వ్రాతలలో కనబడుటకు అనేక శతాబ్దులకు ముందే కట్టబడినవి. కట్టినవారిని మరచిన తరములవారు, ఇచ్చట రాక్షసులను, అచ్చట మహాకాయులను కల్పించుకొనిరి.

ఇశ్రాయేలు పేరు గల అతి ప్రాచీన శాసనము ఈజిప్టు రాజు మెర్నెప్తాది. దాని కాలము సుమారు క్రీ.పూ. 1208. అందులో లేఖకుడు కొన్ని పట్టణముల పేర్ల ప్రక్కన దేశమును తెలుపు గుర్తును, ఇశ్రాయేలు ప్రక్కన జనమును తెలుపు గుర్తును చెక్కెను. చోటు వేరు, జనము వేరు. చారిత్రక భూగోళము నేర్పు మొదటి పాఠము ఇదియే. ఈ పాఠమును మరచినచో ఏమగునో గోదావరి అడవుల కథయే తెలుపును.

ఇచ్చటి సమాధుల ప్రక్కన శిలువను పోలిన నిలువురాళ్ళు కొన్ని కలవు. 1860ల చివర ముల్‌హెరన్ అను ఆంగ్లేయుడు వీనిని గురించి వ్రాసెను. అది చూచి, కట్టడముల చరిత్రలో పేరు పొందిన జేమ్స్ ఫెర్గూసన్ 1872లో ప్రకటించిన గ్రంథమున వీనిని క్రైస్తవ శిలువలుగా భావించెను. అట్లయినచో సమాధులు కూడ క్రీస్తు తరువాతి కాలమునకే చెందవలెను. తనకు తెలిసిన గుర్తును తెలియని నేలపై చూచుటచే ఈ పొరపాటు కలిగెను.

నేల చెప్పిన సాక్ష్యము వేరు. ఇట్టి సమాధులలో ఇనుప పనిముట్లు, నలుపు ఎరుపు రంగులుగల మట్టిపాత్రలు దొరకును. దక్షిణ భారతమున ఇవి క్రీస్తుకు పూర్వపు ఇనుప యుగమునకు గుర్తులు. శిలువలనబడిన రాళ్ళలో కొన్నిటికి స్తనములు చెక్కబడి ఉన్నవి. అనగా అడ్డముగా చాచిన భాగములు భుజములు. పై భాగము తల. అవి మనుష్యమూర్తులే గాని శిలువలు కావు.

ఈ రూపములో సమాధులు ఈ అడవులలోనే ఇంత విరివిగా ఉండుటకు భూగర్భము కొంత కారణము. ఈ లోయలో గోండ్వానా యుగపు ఇసుకరాయి విస్తారముగా కలదు. 1871లో విలియం కింగ్ ఇల్లందు వద్ద కనుగొనిన బొగ్గు కూడ ఈ రాతి పొరలకు చెందినదే. ఇసుకరాయి పొరలు పొరలుగా విడివడును. పలకలు తీయుట, తొట్టి తొలుచుట సులభము. గట్టి నల్లశానపు రాయి గల తెలంగాణ ఇతర భాగములలో గుండ్రాళ్ళు పేర్చిన సమాధులే ఎక్కువ.

మరి వీనిని కట్టినది ఎవరు? కోయలలో మృతుల జ్ఞాపకార్థము రాళ్ళు నిలుపు ఆచారము కలదు. ఆచారములు పోలినంత మాత్రమున వంశము ఒకటియని నిర్ణయింపరాదు. సంబంధము లేదనియు త్రోసివేయరాదు. నేటి సరిహద్దులు కూడ ఇందుకు తోడ్పడవు. 1860లో భద్రాచలం వైపు గట్టు ఆంగ్లేయులకు పోగా, కుడిగట్టు నిజాము రాజ్యముననే నిలిచెను. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో చేరెను. 2014లో ఆ ప్రాంతపు కొన్ని మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసెను. ఒక వంద యేబది ఏండ్లలో గీతలు ఇన్ని మారులు మారగా, రెండు వేల ఏండ్ల వెనుకటి జనమును ఆ గీతలలో వెదకుట వ్యర్థము.

రాయి మాత్రము కదలదు, మనుష్యులు కదల్చినప్పుడు తప్ప. నిధి ఉన్నదను ఆశతో కొన్ని కప్పుబండలను తొలగించిరి; కొన్ని పొలముల క్రింద పోయినవి. ఎముక, కుండ, ఇనుము ఏ స్థానమున ఉండెనో తెలియకపోయినచో అవి వట్టి పెంకులే. కావున ఉపాధ్యాయులు విద్యార్థులను అచ్చటికి తీసికొనిపోయినప్పుడు కొలతలు తీయించవలెను, పటము గీయించవలెను. గడ్డపార మాత్రము తాకనీయరాదు. పేరు లేని ఆ పూర్వులు మనకు విడిచిన వ్రాత ఆ రాళ్ళ అమరికయే.