పొట్లచెరువు ఖానుగారు, తెలుగు కావ్యం

“మీ భాష ఉర్దూ గదా, ఇంత తెలుగెలా వచ్చిందండీ?” అని మనవాళ్ళను అడిగేవారు తెల్లాపూర్‌లో ఈనాటికీ ఉన్నారు. అడిగేది ప్రేమతోనే కావచ్చు. అయినా మన పిల్లలు చిన్నబోతారు. వారికోసమే ఈ నాలుగు మాటలు.

మనకు దగ్గరలోనే ఉన్న పటాన్‌చెరు పాతపేరు పొట్లచెరువు. 16వ శతాబ్దిలో అక్కడి ప్రభువు అమీన్‌ఖాన్. పొన్నగంటి తెలగనార్యుడు తన ‘యయాతి చరిత్ర’ను ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో వచ్చిన మొదటి కావ్యం అదే! భారతంలోని యయాతి కథను అంతకు అయిదు వందల ఏళ్ళ క్రితమే నన్నయగారు తెనిగించారు. తెలగన మళ్ళీ చెబుతూ సంస్కృత తత్సమాలు వాడనని పట్టుబట్టాడు. ఇది వట్టి మాటల మార్పిడి అనుకోరాదు. అచ్చతెలుగులో సూర్యుణ్ణి ‘వేవెలుగు’ అంటారు. వేయి కిరణాలవాడనే సంస్కృత భావమే, కాని వినగానే మన పెరటిలో పొడిచిన పొద్దులా ఉంటుంది. అట్లా మాట మారితే చూపూ కొంత మారుతుంది. తత్సమం లేని తెలుగు కావ్యాన్ని మొట్టమొదట అందుకున్నది ఒక ఖానుగారు కావడం మాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఆనాటి గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580). గద్దెనెక్కక ముందు సుమారు ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్నాడు, తెలుగు రుచి మరిగాడు. 1565లో ఆ విజయనగరం మీదికే దండెత్తినవారిలో ఆయనా ఒకడు. చరిత్రలో ఇట్లాంటివి ఉంటాయి. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితం. మలిక్ ఇబ్రహీం తెలుగు కవుల నోట ‘మల్కిభరాముడు’ అయ్యాడు. పలకలేక అలా అన్నారని కొందరంటారు. మాకు మాత్రం, పరాయి పేరులో తమకు తెలిసిన రాముణ్ణి విన్నారనిపిస్తుంది.

ఎదురు దారినీ చూద్దాం. నిజాం పాలనను ఎదిరించి 1948లో నిజామాబాద్ జైలులో ఉన్న దాశరథిగారే, 1961లో ‘గాలిబ్ గీతాలు’ వెలువరించారు. ఉర్దూ షేర్ రెండే పంక్తులు. గజల్‌కు ప్రాణం పంక్తి చివరి కాఫియా, రదీఫ్. మన పద్యంలో ప్రాస పాదం మొదట్లో, రెండో అక్షరంలో ఉంటుంది. కనుక షేర్‌ను ఉన్నదున్నట్టు పద్యంలో పొయ్యడానికి వీలుపడదు. కొంత వదలాలి, కొంత తన ఊహతో నింపాలి. ఉర్దూ బాగా తెలిసిన పెద్దలు “ఇందులో సగం దాశరథే” అంటే అనవచ్చు. ఆ సగం లేకపోతే ఉర్దూ లిపి రాని మన పిల్లలకు గాలిబ్ తెలుగులో చేరేవాడా?