ఉత్తరపు చట్రం, యంత్రపు చేయి: స్వయంచాలిత ఈ-మెయిలులో తెలుగు – ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

సంస్థలు పంపే ఉత్తరాలలో అధికభాగాన్ని నేడు ఎవరూ ఒక్కొక్కటిగా రాయడం లేదు. పది పదిహేను పంక్తుల చిన్న ప్రోగ్రాము ఒకటి పేర్ల పట్టికను చదువుతుంది. ఒకే నమూనాలోని ఖాళీలో ఒక్కొక్క పేరును నింపుతుంది. ఒక్కొక్క చిరునామాకు పంపుతుంది. దీనినే వాడుకలో స్క్రిప్టు అంటున్నారు. పరీక్షా ఫలితం, రుసుము గడువు, సదస్సు ఆహ్వానం ఈ మార్గానే చేరుతున్నాయి. ఈ విధానంలోకి తెలుగు ఎట్లా ప్రవేశించింది, ప్రవేశించే క్రమంలో లిపికి, వ్యాకరణానికి ఎదురైన చిక్కులేమిటి అన్నది ఈ వ్యాస విషయం. లిపికి సంబంధించిన చిక్కులు 1991–2015 మధ్యకాలంలో చాలావరకు తీరాయి. విభక్తికి, సంబోధనకు సంబంధించినవి తీరలేదు. వాటిని తీర్చవలసినది యంత్ర నిపుణులు మాత్రమే కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఉదాహరణలకు శ్రీకాకుళం జిల్లా పాతపట్నం ప్రాంతాన్ని గ్రహించడానికి కారణముంది. ఒడిశాలోని పర్లాకిమిడికి ఆనుకొని ఉన్న ఈ సరిహద్దు ప్రాంతంలో తెలుగు, ఒడియా, సవర భాషలు మూడూ వినిపిస్తాయి. ఏ భాషలో ఉత్తరం రాయాలన్న ప్రశ్న ఇక్కడ నిత్యజీవితానికి సంబంధించినది.

చట్రం పాతదే

నమూనాలో పేరు నింపి ఉత్తరం సిద్ధం చేయడం కంప్యూటరుతో పుట్టిన పద్ధతి కాదు. సంప్రదాయ తెలుగు లేఖకు స్థిరమైన చట్రం ఉండేది. పైన శ్రీకారం, ఆపై మహారాజరాజశ్రీ వంటి సంబోధన, తరువాత ఉభయకుశలోపరి, నడుమ విషయం, చివర చిత్తగించవలెనన్న విన్నపం. లేఖకుడు నిజంగా రాయవలసినది నడిమి భాగమే. మిగిలినదంతా ముందే కూర్చి ఉన్నది. శుభలేఖ, దావా నోటీసు వంటి అచ్చు పత్రాలు ఈ చట్రాన్ని మరింత బిగించాయి.

అయితే ఆ చట్రంలో ఎంపిక ఉండేది. అందుకొనేవారి వయస్సు, కులం, స్త్రీ అయితే వివాహస్థితి చూసి లేఖకుడు సంబోధనను మార్చేవాడు. చిన్నవారికి చిరంజీవి, ముత్తైదువకు లక్ష్మీసౌభాగ్యవతి, వితంతువుకు గంగాభాగీరథీ సమానురాలు, వేదపండితునికి బ్రహ్మశ్రీ. ఉత్తరం తెరవక ముందే అందుకొన్నవారి సామాజిక స్థానాన్ని ఈ మాటలు ప్రకటించేవి. ఈ నిర్ణయం ఉత్తరం రాసే క్షణంలో, మనిషిని ఎరిగి తీసుకొన్నది. యంత్రం అట్లా ఎరగదు. ఆ నిర్ణయాన్ని నమూనా రాసేవారు ముందే తీసుకొని ఉండాలి.

యంత్రం పంపడం నేర్చిన క్రమం

1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు నెట్‌వర్కు ద్వారా సందేశం పంపారు. 1978 మే నెలలో గ్యారీ థుయెర్క్ ఒకే వ్యాపార ప్రకటనను ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి పంపారు. మూకుమ్మడి ఉత్తరానికీ, దాని దుర్వినియోగానికీ తొలి ఉదాహరణగా దీనిని చెబుతారు. నాడు ఆ చిరునామాలను చేతితోనే టైపు చేయవలసి వచ్చింది.

ఆ శ్రమను తొలగించిన సాధనాలు కొద్దికాలంలోనే ఏర్పడ్డాయి. 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పులోని క్రాన్ నిర్ణీత సమయానికి పనిని దానంతటదే మొదలుపెట్టగలిగింది. ఎరిక్ ఆల్‌మన్ రూపొందించిన సెండ్‌మెయిల్ 1983 నుండి బర్క్‌లీ యూనిక్స్‌తో పాటు అందింది. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ఎస్‌ఎంటీపీ నియమావళిని ప్రకటించారు. అది మామూలు అక్షరాలతో జరిగే సంభాషణ: పంపేవారెవరు, అందుకొనేవారెవరు, ఉత్తరమేది అని వరుసగా చెబితే చాలు. ఇంత సరళం కావడం వల్లనే చిన్న స్క్రిప్టు కూడా ఉత్తరం పంపగలిగింది. అదే దశాబ్దంలో వర్డ్‌స్టార్ వంటి సాధనాలు పేర్ల పట్టికను నమూనా ఉత్తరంతో కలిపే మెయిల్‌మెర్జ్ పద్ధతిని కార్యాలయాలకు అలవాటు చేశాయి.

ఏడు బిట్ల ఇరుకు

ఎస్‌ఎంటీపీ సారళ్యానికి తెలుగు మూల్యం చెల్లించింది. ఆ నియమావళి ఏడు బిట్ల ఆస్కీ సంకేతాలను మాత్రమే అంగీకరించింది. వాటి సంఖ్య 128. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు, నియంత్రణ సంకేతాలు ఆ స్థానాలన్నిటినీ ఆక్రమించాయి. అందువల్ల తొలినాళ్లలో విదేశాంధ్రులు ఈ-మెయిలులో తెలుగును రోమన్ అక్షరాలలో రాశారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ ఈ రాతకు ఒక క్రమాన్ని కల్పించింది. హ్రస్వదీర్ఘాలను, దంత్యమూర్ధన్యాలను రోమన్ చిన్న, పెద్ద అక్షరాల తేడాతో సూచించే పద్ధతి ఇది. ఆ రాతను తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాములు కూడా వచ్చాయి. తెలుగు ఉత్తరం రోమన్ వేషంలో ప్రయాణించి, గమ్యంలో తన రూపం ధరించేది.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు స్థానం లభించింది. 1992లో బోరెన్‌స్టైన్, ఫ్రీడ్ ప్రతిపాదించిన మైమ్ విధానం ఇతర లిపులను ఆస్కీ గుర్తులుగా మార్చి పంపే దారి చూపింది. భారతదేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందింది. అప్పటికి దారి సిద్ధమైనా, తెలుగు ఖతులు ఎవరికివారివిగా ఉండడం వల్ల దాని వినియోగం ఆలస్యమైంది.

నాలుగక్షరాల ఊరి పేరు

పాతపట్నం అన్న పేరు ఈ దారిలో ఎట్లా నడుస్తుందో గమనిస్తే చిక్కు స్పష్టమవుతుంది. చదివేవారికి ఇందులో పా, త, ప, ట్నం అని నాలుగక్షరాలు. యూనికోడ్‌కు గుణింతపు గుర్తు, పొల్లు, సున్న కలుపుకొని ఎనిమిది సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్ల చొప్పున 24 బైట్లు. బేస్-64లోకి మార్చితే 32 ఆస్కీ గుర్తులు.

ఉత్తరపు శీర్షికలో ఒక్కొక్క సంకేత ఖండం 75 గుర్తులకు మించరాదని 1996 నాటి మైమ్ నియమం. యూటీఎఫ్-8, బేస్-64 వాడినప్పుడు ఆ ఖండపు ముందు వెనుక గుర్తులకు 12 పోతాయి. మిగిలిన 63లో నాలుగేసి గుర్తుల కట్టలుగా 60 మాత్రమే పనికివస్తాయి. అంటే 45 బైట్లు. ‘పాతపట్నం పరీక్షా ఫలితాలు’ అన్న శీర్షికకు 68 బైట్లు కావాలి. దానిని రెండు ఖండాలు చేయక తప్పదు. సరిగా 45వ బైటు వద్ద తెంచితే ‘పరీక్షా’లోని చివరి దీర్ఘం మూడు బైట్లలో రెండు ఒకవైపు, ఒకటి మరొకవైపు పడుతుంది. చదువరికి దీర్ఘానికి బదులు అర్థంలేని గుర్తులు కనిపించవచ్చు. అక్షరసంకేతాన్ని మధ్యలో తెంచరాదని నియమంలో స్పష్టంగా ఉన్నా, ఇంగ్లీషును మాత్రమే మనసులో పెట్టుకొని రాసిన స్క్రిప్టులకు ఆ అవసరమే తోచదు.

2008లో వచ్చిన పైథాన్ మూడవ కూర్పు పాఠాన్నంతటినీ యూనికోడ్‌గానే భావించింది. చిరునామాలో సైతం ఇతర లిపులను అనుమతించే నియమాలు 2012లో వెలువడగా, 2015లో పైథాన్ 3.5 వాటిని స్వీకరించింది. లిపి సమస్య సాంకేతికంగా పరిష్కారమైన ఘట్టమిది.

పేరు చివరి విభక్తి

వ్యాకరణ సమస్య ఇక్కడ మొదలవుతుంది. ఇంగ్లీషు నమూనాలో ఏ పేరును నింపినా వాక్యం చెడదు. తెలుగులో విభక్తి పేరుకే అంటుకొంటుంది. పేరు చివరి ధ్వనిని బట్టి తానూ మారుతుంది, పేరునూ మారుస్తుంది. సీతకు, రవికి, రాముడికి అన్నవి ఒకే విభక్తికి మూడు తీరులు. ఇకారం మీది ‘కు’ ‘కి’గా మారడాన్ని వ్యాకర్తలు ఏనాడో సూత్రీకరించారు. ఆ సూత్రం ఎరగని నమూనా రవికు, రాముడుకు అని రాస్తుంది. హలంతమైన పేర్లకు మరొక చిక్కు. రమేష్ అన్న పేరుకు ‘కు’ చేర్చితే రెండూ అతుక్కొని ‘రమేష్కు’ అవుతుంది. ‘రమేష్‌కు’ అని నిలవాలంటే నడుమ కంటికి కనిపించని విభాజక సంకేతం చేర్చాలి.

ఈ చిక్కులన్నిటికీ తెలుగు లేఖాసంప్రదాయంలోనే ఒక పరిష్కారముంది. అది ‘గారు’. పేరు వెనుక గౌరవవాచకం నిలిస్తే విభక్తి దానికే చేరుతుంది: సీత గారికి, రవి గారికి, రమేష్ గారికి. పేరు మారదు, అతుకు పడదు. దానికి అనుగుణమైన ‘వచ్చారు’, ‘చెల్లించారు’ వంటి క్రియారూపాలు స్త్రీపురుష భేదాన్ని అడగవు. వివాహస్థితిని, కులాన్ని ముందే చాటిన పాత సంబోధనల అవసరమూ ఉండదు. వ్యాకరణ సౌలభ్యమూ సామాజిక సమత్వమూ ఒకే మాటలో కుదిరిన సందర్భమిది.

అయితే ‘గారు’ అన్నిటినీ తీర్చదు. ‘1 పత్రాలు అందాయి’ వంటి వాక్యాలలో వచనదోషం అట్లాగే ఉంటుంది. ఊరి పేర్లకు ‘గారు’ చేరదు. పాతపట్నంలో, టెక్కలిలో, నౌపడాలో అని రాసేచోట అనుస్వారాంతాలకు, అజంతాలకు సరిపడే నియమాలను విడిగా చెప్పవలసిందే.

సరిహద్దు ప్రాంతపు ప్రశ్న

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది. పాతపట్నం మద్రాసు రాజధానిలోనే నిలిచింది. ఆ పరిణామానికి నిరసనగా గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడి విడిచి రాజమండ్రి చేరారు. జనం మాట్లాడే భాషే రాతకు తగినదని వాదించిన ఆయన, సవరల భాషకు వ్యాకరణం, నిఘంటువు సమకూర్చారు. అదే 1936లో మంగై గొమాంగో సవరకు సొరంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించారు. ఆ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. అందులోని ఒక్కొక్క సంకేతానికి యూటీఎఫ్-8లో నాలుగు బైట్లు. ఈ ప్రాంతపు మూడు భాషలూ నేడు ఒకే ఉత్తరంలో ఇమడగలవు. పట్టికలో పేరు, చిరునామాలతో పాటు భాషకు ఒక గడి చేర్చితే స్క్రిప్టు ఎవరి భాషలో వారికి ఉత్తరం పంపగలదు. ఆ గడి లేనిచోట నమూనా రాసినవారి భాషే అందరి భాష అవుతుంది.

ముగింపు

స్వయంచాలిత ఉత్తరం తెలుగు లేఖాచట్రానికి కొనసాగింపే. మారినది నిర్ణయం జరిగే స్థలం. లేఖకుడు ఉత్తరం ఉత్తరానికీ తీసుకొన్న నిర్ణయాన్ని నమూనాకర్త ఒక్కసారే, వేలమంది తరఫున తీసుకొంటున్నాడు. అతని పొరపాటు కూడా అంతమందికీ చేరుతుంది. కనుక నామాల అంత్యధ్వనులకు తగిన విభక్తి పట్టికలు, వచనానుగుణమైన వాక్యరూపాలు, గౌరవవాచక నియమాలు ప్రోగ్రాములో చేర్చడానికి వీలైన రూపంలో సిద్ధం కావాలి. వీటికి కావలసిన సామగ్రి సంప్రదాయ వ్యాకరణాలలో, వ్యావహారిక భాషా పరిశోధనలలో ఇప్పటికే ఉన్నది. దానిని నమూనాకర్త చేతికి అందే విధంగా క్రమబద్ధం చేయడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని.