ఎండకు ఓడిన రిమోట్

టీవీ రిమోట్ చరిత్ర చెప్పేవాళ్ళు ఎక్కువగా రాబర్ట్ ఆడ్లర్ పేరు తలుస్తారు. నాకు మాత్రం ఆ కథలో యూజీన్ పాలీకి అన్యాయం జరిగిందనిపిస్తుంది.

అమెరికాలో జెనిత్ కంపెనీ 1950లో తెచ్చిన ‘లేజీ బోన్స్’ రిమోట్‌కి టీవీ దాకా తీగ ఉండేది. అది కాళ్ళకి అడ్డం పడేది. 1955లో ఆ కంపెనీ ఇంజనీరు పాలీ తీగ తీసేశాడు. అతని ‘ఫ్లాష్‌మాటిక్’ ఒక రకం టార్చిలైటే. తెర నాలుగు మూలల్లో నాలుగు ఫొటోసెల్స్. ఏ మూల వెలుగు వేస్తే ఆ పని జరిగేది. చిక్కల్లా ఎండతోనే. కిటికీలోంచి ఎండ పడితే టీవీ తనంతట తనే ఛానెల్ మార్చేసేది. మా మానవపాడులో, వేసవి సాయంత్రం, పడమటి వాకిలి ఉన్న ఇంట్లో దాని గతి ఏమయ్యేదో ఊహించుకోండి.

మరుసటి ఏడు ఆడ్లర్ వెలుగుని వదిలి చప్పుడుని పట్టుకున్నాడు. బటన్ నొక్కితే చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది. మన చెవికి అందని ఆ శబ్దం టీవీకి అందేది. రిమోట్‌లో బ్యాటరీ కూడా అక్కర్లేదు. తాళంచెవులు గలగలమన్నా ఒక్కోసారి ఛానెల్ మారేది గానీ, ఎండ బాధ కంటే నయం. దాదాపు పాతికేళ్ళు ఈ పద్ధతే నడిచింది.

ఆ రోజుల్లో మా వైపు రిమోట్ ఊసే లేదు. 1975 ఆగస్టులో మొదలైన సైట్ ప్రయోగం, ఉపగ్రహం ద్వారా అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో కొన్ని ఊళ్ళకి టీవీ తెచ్చింది. ఊరందరికీ ఒకటే టీవీ, ఒకటే ప్రసారం. మార్చడానికి ఇంకో ఛానెల్ ఉంటే కదా!

1980లకల్లా రిమోట్ మళ్ళీ వెలుగు దగ్గరికే వచ్చింది. ఈసారి కంటికి కనపడని పరారుణ కాంతి. ఎండలోనూ పరారుణం బోలెడు ఉంటుంది. మరి ఈసారి ఎండ ఎందుకు గెలవలేదు? రిమోట్ కొసనున్న ఎల్ఈడీ ఊరికే వెలగదు, సాధారణంగా సెకనుకు 38 వేల సార్లు మిణుకుతుంది. రిసీవర్ ఆ లయనే పట్టుకుంటుంది. ఎండ ఎంత మండినా ఆ లయలో మిణకదు కాబట్టి లెక్కలోకి రాదు. ఇక కబురంతా మిణుకుల మధ్య విరామాల్లో ఉంటుంది. బాగా వాడుకలో ఉన్న ఎన్ఈసీ పద్ధతిలో విరామం పొట్టిదైతే సున్నా, పొడుగైతే ఒకటి. అలాంటి 32 బిట్లలో ఏ పరికరానికి, ఏ బటన్ అన్నది వెళ్తుంది.

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాడిగా నాకిక్కడ ఒకటి తోస్తుంది. పాలీ ఆలోచనలో లోపం లేదు. తన వెలుగు ఏదో, ఎండ ఏదో టీవీకి గుర్తు చెప్పే సరంజామా చవగ్గా దొరికే కాలం అప్పటికి రాలేదు, అంతే.

1997లో జెనిత్‌తో పాటు ఆ ఇద్దరికీ ఎమ్మీ గౌరవం దక్కింది. పేరు ఆడ్లర్‌కే ఎక్కువ వచ్చింది. మన ఇళ్ళల్లో దిండ్ల కింద దొరికే రిమోట్ మాత్రం పాలీ వంశంలోదే.